వెనక గదిలో పెద్దాయన

వెనక బెంచీలో మాట్లాడకుండా కూర్చున్నవాళ్ళను వదిలిపెట్టడం నాకు చేతకాదు. రేపల్లె కాలేజీలో ఉన్నన్నాళ్ళూ పిల్లలు నన్ను తిట్టుకున్నది ఇందుకే. రిటైరై తెనాలి వచ్చాక కూడా ఆ బుద్ధి పోలేదు. నా దగ్గర చదివిన అమ్మాయి ఒకతె జపాన్‌లో ఉద్యోగం చేస్తూ, తనతో పనిచేసే ఒకావిడ ఇంటికి నన్ను ఇంగ్లీషు టీచరుగా కుదిర్చింది. సాయంత్రం పూట ల్యాప్‌టాప్‌లో పాఠం. ఆవిడ, భర్త, అత్తగారు వరసగా కూర్చుని నాకు వంగి దణ్ణం పెట్టేవాళ్ళు. నేనూ వంగేదాన్ని. నేను లేచేసరికి వాళ్ళు మళ్ళీ వంగేవాళ్ళు. పాఠం మొదలయ్యేసరికి నా నడుం పట్టేసేది.

అత్తగారు మాత్రం నోరు విప్పేది కాదు. వాళ్ళ వెనక గదిలో, మసక వెలుతురులో ఒక పెద్దాయన ముఖం కనిపించేది. ఆయన ముందు టీ కప్పు, చిన్న గిన్నెలో అన్నం. మా నెట్‌కి అంతకన్నా స్పష్టంగా ఏదీ వచ్చేది కాదు. కదలకుండా మెదలకుండా పాఠం వింటున్నాడే అని ముచ్చటేసి, ఈ రోజు ఏం తిన్నారు సార్ అని ఇంగ్లీషులో అడిగాను.

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. అత్తగారు, "చేప" అంది. ఆయన్నే చెప్పనివ్వండమ్మా అన్నాను. ఆయనకు సిగ్గని చెప్పింది.

అప్పటినుంచి ప్రతి పాఠంలోనూ నేను ఆయన్ని పలకరించడం, ఆవిడ జవాబివ్వడం. ఆయనకు వంకాయ ఇష్టం, డాక్టరంటే గిట్టదు. హోంవర్కు చెయ్యలేదని ఒకరోజు కేకలేశాను కూడా. ఆవిడే లేచి ఆయన తరఫున క్షమాపణ చెప్పింది. ఇక్కడి ట్యూషన్ పిల్లలకు ఆయన గురించే చెప్పి, కుదురంటే అదీ అనేదాన్ని.

కొన్నాళ్ళకు ఇంటికి కొత్త నెట్ కనెక్షన్ పెట్టించుకున్నాను. బొమ్మ తేటగా వచ్చింది. ఆయన ముఖం చుట్టూ నల్లటి ఫ్రేము ఉంది.

మన ఇళ్ళల్లో అయితే పోయినవాళ్ళ ఫొటోకి దండ ఉంటుంది, చిన్న ఎర్ర బల్బు ఉంటుంది. అక్కడ అవేమీ లేవు; ఆ టీ, అన్నం పోయినాయన ఫొటో ముందు పెట్టినవని నాకెలా తెలుస్తుంది? సిగ్గుతో చచ్చిపోయాను. కోడలికి విడిగా ఫోన్ చేసి మన్నించమన్నాను. మామగారు పోయినప్పటినుంచీ అత్తగారు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదట. పాఠం ఉన్నరోజే ఆవిడ గొంతు వినిపిస్తుందట. దయచేసి అడగడం మానొద్దని బతిమాలింది.

మానలేదు. కానీ ల్యాప్‌టాప్ మూసినా ఆయన నా ప్రశ్న కోసం కాచుకుని ఉన్నట్టే ఉండేది. బాపట్ల నుంచి వచ్చిన మా అక్క సంగతి విని, "పోయినాయన్ని అట్లా పిలుస్తావేంటే? వచ్చి కూర్చుంటే ఏం చేస్తావు?" అంది. నవ్వేశాను గానీ, ఆ తర్వాత ల్యాప్‌టాప్ ఉన్న గదిలోకి ఒంటరిగా వెళ్ళాలంటే భయమేసేది.

మొన్న వానాకాలంలో ఒకరోజు, ఆయన ఎలా ఉన్నారని ఎప్పటిలాగే అడిగాను. అత్తగారు వెనక్కి తిరిగి ఫొటో వైపు చాలాసేపు చూసింది. కొడుకు, కోడలు తలలు దించుకున్నారు.

"వినిపించడం లేదు," అంది చివరికి. "ఆయన గొంతు మర్చిపోయాను. టీచర్ గారూ, మీకు గుర్తుందా?"

ఆవిడ ఇప్పుడు నోరు మూసుకుంటే ఇక తెరవదని నాకు అర్థమైంది. గుర్తుందన్నాను. ఎలా ఉంటుందని అడిగింది.

"నెమ్మదిగా ఉంటుందండి. మీ గొంతులాగే."

ఆవిడ ఏడ్చింది. ఏడుస్తూనే, ఆయన బాగానే ఉన్నాడని చెప్పింది.

ల్యాప్‌టాప్ మూశాక చాలాసేపు అక్కడే కూర్చున్నాను. అబద్ధం చెప్పానని నాకు అనిపించలేదు. అదే ఇప్పటికీ భయంగా ఉంటుంది.