నరేష్ డైలాగ్, నా భుజం

ఈ సాయంత్రం మా కృష్ణానగర్ గది బయట చెప్పులు విడవడానికి కూడా చోటు లేదు. కారణం నా రూమ్మేట్ నరేష్. వాడికి ఓ వెబ్ సిరీస్‌లో మొదటిసారి డైలాగ్ ఇచ్చారు. "సార్, బండి దొరికింది." అంతే. అదే సీన్‌లో నేనూ ఉన్నాను, వాడి వెనకాల, ఒక భుజం మేరకు.

వాడి ఘనత పెద్ద తెర మీద చూడాలని లాప్‌టాప్‌ను టీవీకి కలిపాం. అమీర్‌పేట వెళ్లి కేబుల్ తెచ్చింది కూడా నేనే! ఇంటి ఓనర్ ఆంటీ కుర్చీ తెచ్చుకుని మరీ ముందు కూర్చుంది. బొమ్మ టీవీలో వచ్చింది కానీ, శబ్దం లాప్‌టాప్‌లోంచే సన్నగా వస్తోంది. సౌండ్ సెట్టింగ్‌లో టీవీని ఎంచుకుంటే చాలని నాకు తెలుసు. అయినా కేబుల్ పీకుతూ, పెడుతూ, తెలియనట్టు నటించాను. అంతసేపు నటించే అవకాశం నాకెప్పుడూ రాలేదు.

"అన్నా, జర జల్ది చూడరాదే, నా సీనొస్తది" అని నరేష్ బతిమాలాడు. ఇక తప్పక నొక్కాను.

"సార్, బండి దొరికింది!" అని టీవీ దద్దరిల్లింది. గంభీరమైన గొంతు. నరేష్‌ది కాదు. వాడికి చెప్పకుండా ఎవరితోనో డబ్బింగ్ చెప్పించేశారు. నాకు లోపల కాస్త చల్లబడింది.

ఇంతలో ఆంటీ చప్పట్లు కొట్టి, "గొంతు మస్తుగుంది బిడ్డా! ఇంట్ల ఎప్పుడు గిట్ల మాట్లాడవేంది?" అంది.

వాడు సిగ్గుపడుతూ "థాంక్స్ ఆంటీ" అన్నాడు!

ఆ భుజం మాత్రం అచ్చంగా నాదే. దాని గురించి ఒక్కరూ మాట్లాడలేదు. మీరైనా చూసి ఓ మాట చెప్పండి.