చెల్లె ముద్ద

1968 జూన్ 12. బోధన్ బస్సులో నేను, మా పెద్దన్న, ఎదురుగా బురఖా ముసుగు పైకెత్తుకున్న ఒక ముసలావిడ.

నా ఒడిలో మా వంశవృక్షం నోటుబుక్కు ఉంది. అందులో తాత చెల్లెలి పేరు కింద, అన్న చెప్పినట్టే, 'చిన్నప్పుడే పోయింది' అని రాసుకున్నాను.

ఆవిడ రొట్టె విప్పి, మొదటి ముక్క తుంచి పక్కన పెట్టింది. మా తాత కూడా రోజూ మొదటి ముద్ద అలాగే తీసి, 'చెల్లె ముద్ద' అనేవాడు.

"అవ్వా, అది ఎవరికి?"

"మా మేనమామకు, బేటా. మా అమ్మ తీసేది. 'కోటగిరిల అన్న నాకు తీస్తుండు, నేను తియ్యొద్దా?' అనేది."

కోటగిరి మా ఊరే.

"బుక్కు మూయిరా," అన్నాడు అన్న.

నేను మూయలేదు. వాళ్లమ్మ పెళ్లికి ముందు పేరు అడిగాను. తాత చెల్లెలి పేరే చెప్పింది.

మరునాడు ఉదయం అన్న ఎదుటే 'చిన్నప్పుడే పోయింది' కొట్టేసి, 'ఒక కూతురు, బోధన్' అని రాశాను. అన్న బుక్కు తన వైపు తిప్పుకున్నాడు.

"ఇద్దరు కొడుకులు గూడ ఉండిరి. రాస్కో," అన్నాడు.