బాబాయి పడవకు నేను పూసిన నీలిరంగు

మా వంశంలో మొదటి పట్టభద్రురాలిని నేనే. తరతరాలుగా మా ఊరు సంపాదించుకున్న సినిమా ప్రతిష్ఠను ఒక్క ఆదివారం మధ్యాహ్నం, రెండు డబ్బాల రంగుతో కొల్లేట్లో ముంచబోయిన మొదటి వ్యక్తినీ నేనే. ఈ రెంటికీ సంబంధం లేదని మీరు అనుకోవచ్చు. ఉందని సవినయంగా మనవి చేస్తున్నాను.

మాది కొల్లేటి లంక గ్రామం. కొండలూ జలపాతాలూ కావలసిన దర్శకులు మా వైపు చూడరు. మా ఊళ్లో అన్నిటికంటే ఎత్తైనది చేపల చెరువు గట్టు. కనుచూపు మేర నీరు, దానిపై ఒంటరి పడవ, పైన కొంగల బారు కావాలంటే మాత్రం ఎంతటివారైనా గుండుగొలను దగ్గర హైవే దిగి మా ఊరికి రావలసిందే. మా తాతల కాలంలో ఒక సినిమా, నా చిన్నతనంలో రెండు, ఆ తర్వాత ఎన్నో టీవీ సీరియళ్లు ఇక్కడ తీశారు. ఇతర గ్రామాలవారు తుపానులను బట్టి కాలాన్ని గుర్తు పెట్టుకుంటే, మావాళ్లు షూటింగులను బట్టి పెట్టుకుంటారు. "మా పెద్దోడు వాన పాట తీసిన ఏడు పుట్టాడండీ" అంటే ఇక వయసు అడగనవసరం లేదు.

ఇంత వైభవంలోనూ మా సత్యానందం బాబాయికి ఒక లోటు ఉండేది. మొదటి సినిమాలో కథానాయిక ఎక్కింది వాళ్ల నాన్నగారి పడవే. ఊరంతా ఏలూరు వెళ్లి చూస్తే, తెరమీద తెడ్డు చివర మాత్రమే కనబడిందట. అప్పటినుంచి బాబాయికి ఒకటే కోరిక: ఎప్పటికైనా పడవ మొత్తం కనబడాలి, అందులో తానూ కనబడాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, నేను డిగ్రీ ముగించి ఊరి బడిలో విద్యా వాలంటీరుగా చేరిన ఏడాది, ఆ కోరిక తీరే ఘడియ వచ్చింది. ఒక సీరియల్ దర్శకుడు పదకొండు పడవలు చూసి బాబాయి పడవనే ఎంచుకున్నారు. పేదింటి పిల్ల ఏడుస్తూ పుట్టిల్లు విడిచే ఘట్టం. ఆ పడవ నీటిమీద తేలుతోందో, నీరే జాలిపడి మోస్తోందో చెప్పడం కష్టం. తారు ఊడిపోయి, అంచు విరిగి, చిల్లుకు నూనెడబ్బా రేకు కొట్టి ఉండేది.

శనివారం ఆ పిల్ల పడవ ఎక్కడం తీశారు; తెడ్డు వేసేది బాబాయే. ఆదివారం సెలవు. సోమవారం దిగడం తీయాలి.

నా మనసు క్షోభించింది. రాష్ట్రమంతా చూడబోయే మా ఊరి పడవ ఇలాగా ఉండేది? బడి కిటికీలకు వేయగా ఒక డబ్బా నీలిరంగూ, ఒక డబ్బా తెల్లరంగూ మిగిలాయి. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకునే డబ్బాలు తెచ్చాను. క్రమశిక్షణలో నాకు లోపం లేదు. లోపం అంతా మరొక చోట ఉంది. బాబాయి చర్చి నుంచి అటే చుట్టాలింటికి వెళ్లాడు. గట్టున పిన్ని ఒక్కతే ఉంది.

"అడక్కుండా వేసేస్తే మీ బాబాయి ఏవంటాడో అమ్మా?"

"ఆశ్చర్యపోతాడు పిన్నీ!"

ఈ ఒక్క మాటలో నేను పొరబడలేదు.

బురద గీకాను, ఒక పూత పూశాను, ఎండకు ఆరాక ఇంకో పూత పూశాను. పక్కన తెల్లని గుండ్రని అక్షరాలతో 'స్వాగతం' అని రాసి, అటూ ఇటూ తామరపూలు దిద్దాను. కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందంటారు; పాత పడవకు రంగు వేస్తే ఏమి ఊడుతుందో పెద్దలు చెప్పలేదు.

సోమవారం ఉదయం దర్శకుడి ముఖం గుర్రపుడెక్క తీగల్లో చిక్కుకున్న పడవ ఇంజనులా ఆగిపోయింది.

"ఏవండీ, పడవ ఏదండీ?"

"ఇదేనండీ. కాస్త పరిశుభ్రం చేశాను."

"పాత పడవ ఎక్కిన పిల్ల కొత్త పడవలోంచి దిగితే జనం ఏవనుకుంటారమ్మా?"

"మధ్యలో రెండు రోజులు గడిచాయి కదండీ?"

"మనకి రెండు రోజులు! సీరియల్లో రెండు నిమిషాలు!"

అప్పటికి నాకు విషయం బోధపడింది. పట్టా పుచ్చుకున్నప్పుడు కూడా నాకు అంత జ్ఞానం కలగలేదు. ఈలోగా మేనేజరు ముందుకు వచ్చి, "పక్కూళ్లో ఇంకో పాత పడవ ఉందట సార్. ఎక్కడం కూడా అక్కడే మళ్లీ తీసేద్దాం" అన్నాడు.

బాబాయి గట్టుమీద కూలబడి, "పోన్లే తల్లీ. మా నాన్నకి తెడ్డయినా కనబడింది" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అప్పుడు వెనకనుంచి ఖాదర్ గారు వచ్చారు. తణుకులో దుకాణాల బోర్డులు రాస్తూ సినిమాల్లోకి వెళ్లిన మనిషి. ఆ సీరియల్‌కు ఆర్ట్ అసిస్టెంటు. పడవ చుట్టూ ఒకసారి తిరిగి, "మూడు గంటలు ఇప్పించండి సార్" అన్నారు.

తర్వాత జరిగినది తలచుకుంటే ఇప్పటికీ చేతులు జోడించాలనిపిస్తుంది. శనివారం తీసిన ఫొటోలు ముందు పెట్టుకుని, కొబ్బరిపీచుతో నా తామరలను తోమేశారు. కుండల మసి, బూడిద, కొల్లేటి బురద, కాచిన తారు ఊరివాళ్లే ఇంటింటినుంచీ మోసుకొచ్చారు. ఫొటోకు అందనిది వాళ్ల జ్ఞాపకానికి అందింది.

"ఆ గీత బెత్తెడు కిందకండీ. మా మరిది గెడ తగిలింది అక్కడే."

"రేకుమీద తుప్పు ఇంకొంచెం ఎర్రగా ఉండాలండీ!"

"క్షమించండి, మీకు చాలా శ్రమ కలిగించాను" అన్నాను.

ఖాదర్ గారు తల ఎత్తకుండానే, "మీ పూత చాలా బాగా పట్టిందమ్మా. అదే ఇబ్బంది" అన్నారు.

పాతదాన్ని కొత్తగా చేయడం నావంటివారికి కూడా వస్తుంది. నిన్నటి రంగును నలభై ఏళ్ల పాతదిగా చేయడమే విద్య. మధ్యాహ్నానికి బాబాయి పడవ మళ్లీ నీటి జాలిమీద తేలింది. దర్శకుడు వంగి చూసి, ఫొటో చూసి, మళ్లీ పడవ చూసి, "ఎక్కు పెద్దాయనా" అన్నారు.

సీరియల్ వచ్చిన రోజున పంచాయతీ టీవీ ముందు ఊరంతా కూర్చుంది. పడవ మొత్తం కనబడింది. తెడ్డు వేస్తూ బాబాయి నిండుగా కనబడ్డాడు. ఆ ఘట్టం అయిపోయాక బాబాయి మెల్లగా నా వైపు తిరిగాడు.

"పడవ బాగానే ఉంది గానీ, నేనేంటమ్మా ఇంత ముసలోణ్ణయిపోయాను? ఆ మిగిలిన రంగేదో నా నెత్తికి పూసి ఉండొచ్చుగా!"

కనుక పాఠక మహాశయులారా, నా డిగ్రీ పట్టా మీద చేయి వేసి ప్రమాణం చేస్తున్నాను. యజమాని, దర్శకుడు, ఖాదర్ గారు ముగ్గురూ రాతపూర్వకంగా కోరితే తప్ప, ఈ జన్మలో పాత వస్తువు దేనికీ రంగు వేయను. ఈ నిబంధన బాబాయి జుట్టుకు కూడా వర్తిస్తుంది.