కింఖాబులో సగం పువ్వు

మా పెద్దమ్మకు కింఖాబు అనే మాట వింటే ఒళ్లు మంట. కార్ఖానాలో ఆ బట్ట నేసే మగ్గం మీదే ఆవిడ జీవితం గడిచిపోయింది. మీద అంటే నిజంగానే మీద. పట్టులో బంగారు జరీ పువ్వులు లేపే ఆ బరువైన బట్టకు ఇద్దరు మనుషులు కావాలి. పెదనాన్న కింద బల్ల మీద కూర్చుని నేసేవాడు. పెద్దమ్మ మగ్గం నెత్తిన వేసిన పలక మీద కాళ్లు వేలాడేసుకుని, పువ్వుకు తగ్గ తాళ్లు వరసగా లాగేది. "లాగు" అని కింది నుంచి, "లాగా" అని పైనుంచి. వాళ్ల కాపురంలో మాటలు చాలావరకు అవే.

"మీ పెదనాన్నకి నడినెత్తిన జుట్టు ఎప్పుడు పలచబడిందో నాకు బాగా తెలుసే. మొహం ఎలా ఉంటుందంటే మాత్రం కాస్త ఆలోచించుకోవాలి. ఆయనొక్కసారన్నా తలెత్తి నన్ను చూస్తేగా!" అనేది. నవ్వుతూనే అనేది గానీ, ఆ నవ్వు వింటే నాకు దిగులేసేది.

పెదనాన్నకు మాటలంటే మహా పొదుపు. ఆ బట్ట పేరు గురించి అడిగితే మాత్రం నోరు పెగిలేది. చీనా వాళ్ల భాషలో బంగారు పువ్వు అనే మాట, వర్తకుల మూటలతో పాటు పారశీక దేశం చేరి, నోళ్లలో నలిగి ఇలా అయిందంటారని చెప్పేవాడు. ఆ దేశం వాళ్లు దాన్ని తమ మాటలతో విడగొట్టుకుని, "కమ్" అంటే తక్కువ, "ఖ్వాబ్" అంటే కల అని వేరే అర్థం కూడా చెప్పుకున్నారట.

పెద్దమ్మ ఆ రెండోదాన్నే పట్టుకుంది. "కలలు తక్కువ. అదే అసలు అర్థం. బంగారమూ లేదు, పువ్వూ లేదు" అని పైనుంచి విసిరేది. ఆయన నేసుకుంటూ పోయేవాడు.

చలి మొదలైతే మాత్రం, ఆవిడ కూర్చునే పలక మీద మడమల పగుళ్ల మందు డబ్బా ఒకటి కనిపించేది. "ఎవరైనా పెళ్లానికి అత్తరు తెస్తారు. మా మహానుభావుడు మడమల మందు తెస్తాడు" అని పెద్దమ్మ ఊరందరినీ నవ్వించేది.

పెదనాన్న ఉన్నట్టుండి పోయాడు. మగ్గం మీద బట్ట సగం పువ్వు దగ్గర ఆగిపోయింది. కార్ఖానా యజమాని పాపం మర్యాదస్తుడే.

"అక్కా, ఇక్కడ కొత్త యంత్రం పెడుతున్నాం. వారంలో మగ్గం విప్పేయాలి. ఆ బట్ట కోసి మీకే ఇచ్చేస్తాను" అన్నాడు.

"సగం పువ్వు కోయనివ్వను. ఆయన మొదలుపెట్టింది నేను పూర్తి చేస్తాను" అంది పెద్దమ్మ.

"నీకు నేత ఎక్కడొచ్చు పెద్దమ్మా?" అన్నాను.

"రాకపోతే వంకరగా వస్తుంది. నువ్వు పైకెక్కు. ఏ తాడు తర్వాత ఏ తాడో నేను చెబుతాను."

చెప్పులు విడిచి పలకెక్కాను. పెద్దమ్మ మొట్టమొదటిసారి ఆయన బల్ల మీద కూర్చుంది. ఆయన కూర్చుని కూర్చుని అక్కడ గుంట పడింది. అందులో ఇమడలేక ఆవిడ అటూ ఇటూ కదిలింది. పైనుంచి నాకు ఆవిడ నడినెత్తి తప్ప ఇంకేం కనబడలేదు. తాడు పట్టుకుని ఎదురుచూశాను. కింది నుంచి మాట రాలేదు.

"లాగనా పెద్దమ్మా?"

ఆవిడ తలెత్తి చూస్తోంది. నా మొహం కేసి కాదు, వేలాడుతున్న నా పాదాల కేసి.

"ఇక్కణ్ణుంచి నీ మడమలు కనిపిస్తున్నాయే" అంది మెల్లగా. "పగుళ్లతో సహా."

అంతే, నేసిన బట్ట మీద తల ఆన్చి ఏడ్చింది. ఆయన పోయిన రోజు కూడా అలా ఏడవలేదు. నేను దిగబోతే, "దిగకే, అక్కడే ఉండు" అంది.

పువ్వు పూర్తి చేశాం. పైసగం ముడుచుకుపోయి, నిజంగానే వంకరగా వచ్చింది. యజమాని కోసి, మడతపెట్టి చేతికిచ్చాడు. ఇంటికి నడుస్తుంటే పెద్దమ్మ, "బంగారు పువ్వే అయ్యుంటుందిలే ఆ మాటకి అర్థం" అంది, పక్కనున్నది నేను కానట్టు.

చలి మొదలయ్యాక నేనే ఒక మందు డబ్బా కొని పట్టుకెళ్లాను. ఆవిడ దాన్ని చేతిలో తిప్పి చూసి, మూత తీయకుండానే గూట్లో పెట్టేసింది.

"ఎందుకే ఇది? నా మడమలు ఇక చూసేదెవరు?" అంది.