రిసార్టులో పెత్రమాస విస్తరి

రెండువేల తొమ్మిది, దసరా సెలవులు. సూర్యాపేట దాటి కోదాడ వైపు వస్తుంటే హైవే పక్కన అప్పట్లో ఒక రిసార్టు ఉండేది. నీళ్ళ పార్కు, పెద్ద పెద్ద జారుడుబండలు, పిల్లలు ఎక్కే బుల్లి రైలు, వెనకాల వరసగా గదులు. నేను అక్కడ గెస్ట్ రిలేషన్స్‌లో పనిచేసేదాన్ని. అంటే ఏం పనే అని మా అమ్మ ఒకటే పోరు. వచ్చినవాళ్ళు అలిగితే బుజ్జగించే పని అని చెప్పాను. "పెళ్ళిళ్ళలో మీ మేనత్త చేసే పనేగా! దానికి జీతం కూడానా?" అని నోరెళ్ళబెట్టింది.

ఆ ఏడు మావాళ్ళు "బతుకమ్మ స్పెషల్" అని ఒక ప్యాకేజీ పెట్టారు. ప్యాకేజీ అంటే గది, తిండి, పార్కు టికెట్టు అన్నీ కలిపి ఒకే రేటు. సాయంత్రం లాన్‌లో బతుకమ్మ ఆట. పూలు మావి, పాటలు స్పీకరువి, చప్పట్లు మాత్రం గెస్టులే కొట్టుకోవాలి. బాగానే ఉంది. కానీ బతుకమ్మ మొదలయ్యే రోజే పెత్రమాస. చనిపోయిన పెద్దలకి ఇంట్లో వండి పెట్టే అమావాస్య. ఆ సంగతి ప్యాకేజీ తయారుచేసిన పెద్ద మనుషులకి తట్టలేదు. రోజూ గెస్టులతో మాట్లాడే నాకూ తట్టలేదు.

సైదులు కుటుంబం ముందు రోజు దిగింది. అతను మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో సూపర్వైజరు. భార్య సునీత, ఇద్దరు పిల్లలు, తల్లి మల్లమ్మ. సొంతూరు మాడుగులపల్లి దగ్గర పల్లె, గొర్లు కాసుకునే ఇల్లు. తండ్రి ఆ వేసవిలోనే పోయాడట. తెల్లారి టిఫిన్ చేసి చెక్ అవుట్ చేస్తారని మా దగ్గర రాసి ఉంది. తీరా పొద్దున సైదులు కౌంటరు దగ్గరికి వచ్చి సాయంత్రం దాకా ఉంటామన్నాడు. సరే అనబోతున్నాను, వెనకాలే వాళ్ళమ్మ వచ్చింది.

"ఏందిరా సైదులూ, తెల్లారంగనే పోదామంటివి గద?"

"పిల్లలు ఇంకోపాలి నీళ్ళల్ల ఆడుతరంటనే అవ్వా. పొద్దుమూకినంక పోదాం."

"ఇయ్యాల పెత్రమాసరా! మీ నాయిన పోయినంక మొదటి పెత్రమాస. ఊర్ల నీ తమ్మునితోని పెట్టిస్తనంటవా? వానికి పొయ్యి ముట్టియ్యడమన్న ఒస్తదా?"

సైదులు తల్లి ముఖం చూడలేదు, నా వైపు తిరిగాడు. "మేడం, మీ దగ్గర పండుగ భోజనం ఉంటది గద? జర ఇప్పియ్యుండ్రి. మా నాయినకు గీడనే పెడతం."

సునీత నన్ను పక్కకి పిలిచి చెవిలో చెప్పింది. అత్తమ్మకి షుగర్ ఉంది. మామకి పెట్టేదాకా పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టనంటోంది. గోలీ కూడా వేసుకోలేదు. రిసార్టులో గెస్టు కళ్ళు తిరిగి పడిపోతే ముందు అడిగేది నన్నే. అంతకన్నా, ఆ ముసలమ్మని చూస్తే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. అలాంటి మొండి మనుషుల్ని బతిమాలి తినిపించడం ఎవరి తరమూ కాదు.

మా చెఫ్ గారిది భీమవరం వైపు. పండగ భోజనం అనగానే ఉత్సాహంగా అన్నీ సర్దించారు. పులిహోర, బొబ్బట్లు, ముద్దపప్పు, నెయ్యి, గుమ్మడికాయ పులుసు, పరమాన్నం. ఉల్లి లేదు, వెల్లుల్లి లేదు. అరిటాకు మీద పెట్టి, నేనే గర్వంగా పట్టుకెళ్ళాను. మల్లమ్మ ఆకు వైపు చాలాసేపు చూసింది.

"బిడ్డా, మంచిగనే ఉన్నది. గని ఇది దేవునికి పెట్టే బువ్వ. మా ఆయన దేవుడు గాదు, గొల్లోడు. ముక్క లేంది ఆయనకు ముద్ద దిగది."

"మరి ఆయనకి ఏం ఇష్టం అమ్మా?"

"జొన్నరొట్టె. తలకాయ కూర. వేడి వేడి గారెలు. ఇంత కల్లు."

వంటింట్లోకి వెళ్ళి ఇదే చెబితే చెఫ్ గారు గరిటె కింద పెట్టేశారు. "పితృదేవతలకి మాంసమా! పైగా తలకాయా! కల్లా! సరోజగారూ, పొద్దున్నే నాతో వేళాకోళమా?"

నిజం చెప్పాలంటే నాకూ వింతగానే అనిపించింది. మాది కోదాడ. ఏటికి అటూ ఇటూ చుట్టాలున్న ఊరు. మా ఇంట్లో పెద్దల రోజున ఉల్లిపాయ కూడా తరగరు. అయినా నాకు ఒళ్ళు మండింది. "చచ్చినాయన మీ మామగారు కాదు కదండీ. ఆయనకి ఏం కావాలో ఆయన పెళ్ళాం చెప్పింది. మధ్యలో మనమెవరం?" అన్నాను. డ్రైవర్ని సూర్యాపేట పంపించాను. పెత్రమాస రోజు మటన్ కొట్ల దగ్గర జాతరలా ఉంటుందట, తలకాయ దొరకడానికి పేట అంతా తిరిగాడు. కల్లు మాత్రం దారిలోనే దొరికింది, ఈతచెట్ల దగ్గర గౌడన్న పెత్రమాస అనగానే ఇంకేం అడక్కుండా లొట్టి నింపి ఇచ్చాడు.

తలకాయ కూర వండటం మా వంటవాళ్ళలో ఎవరికీ రాదు. మల్లమ్మే వస్తానంది. గెస్టులు వంటింట్లోకి రాకూడదని రూలు. వస్తే నెత్తికి కాగితం టోపీ పెట్టుకోవాలని ఇంకో రూలు. మొదటి రూలు నేను తీసేశాను, రెండోది చెఫ్ గారు పట్టుబట్టారు. కొంగు మీద ఆ టోపీ పెట్టుకుని, "పెండ్లిల గూడ గింత సింగారం లేకుండె" అంటూ ఆమె మసాలా నూరించింది. ఉపవాసం ఉన్న మనిషి, రుచి చూడకుండా, వాసనతోనే ఉప్పు పట్టేసింది. చెఫ్ గారు కాసేపు మూతి ముడుచుకున్నారు, తర్వాత మెల్లగా పక్కకి చేరి "అమ్మా, ఇందులో ఆ నల్లది ఏంటమ్మా?" అని అడగడం నా చెవులారా విన్నాను.

గదుల పైన డాబా మీద విస్తరి వేశారు. రొట్టె, కూర, గారెలు, గ్లాసులో కల్లు. అందరూ దండం పెట్టి వెనక్కి జరిగారు. కాకి వచ్చి ముట్టాలి. అది ముడితే పెద్దాయన తిన్నట్టు. అప్పుడే మల్లమ్మ తినేది.

కాకి రాలేదు. ఎండ నెత్తి మీదికొచ్చింది. అయినా రాలేదు. పిల్లలు "కావ్ కావ్" అని గొంతు పోయేలా అరిచారు. మల్లమ్మ గోడ పట్టుకుని నిలబడింది, పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

వాళ్ళలో ఒక పద్ధతి ఉంది. పిట్ట ముట్టకపోతే పోయినవాళ్ళ మనసులో ఏదో దిగులు ఉందని లెక్క. ఒక్కొక్కరూ ముందుకి వచ్చి ఆ దిగులు తీరే మాట ఇవ్వాలి. సైదులు వచ్చి, "నాయినా, అవ్వను మంచిగ సూస్కుంట, తిను" అన్నాడు. సునీత, "మామా, పిల్లలను సదివిస్తం, ఫికర్ జెయ్యకు" అంది. ఊహూ. రెక్క చప్పుడు కూడా లేదు.

అప్పుడు వినబడింది నాకు, కింద నుంచి. డబడబ డబడబ! నా మతి మండ! ఫుడ్ కోర్టు మీద కాకులు వాలకుండా రేకు డబ్బా కొట్టడానికి మా రిసార్టులో జంగయ్య అని ఒక మనిషే ఉన్నాడు. పొద్దస్తమానం అదే డ్యూటీ. చుట్టుపక్కల కాకులన్నిటికీ మా కాంపౌండు అంటే హడల్. ఒక చేత్తో విస్తరి వేయించి, ఇంకో చేత్తో కాకుల్ని తరిమిస్తున్నాం మేము!

మెట్లు ఎలా దిగానో తెలియదు. జంగయ్య చేతిలోంచి డబ్బా లాక్కున్నాను. "ఏమైంది మేడం, ఇయ్యాల సెలవా?" అంటున్నాడు వాడు. జవాబు చెప్పకుండా మళ్ళీ పైకి పరుగెత్తాను. తప్పు మాది, మీ పెద్దాయనకి ఏ దిగులూ లేదు అని చెబుదామని నా ఆత్రం.

పై మెట్టు మీదికి వచ్చేసరికి మల్లమ్మ విస్తరి ముందు కూర్చుని భర్తతో మాట్లాడుతోంది. "గొర్ల కోసం రంది పడ్తున్నవా ఏంది? నీ మందకు ఏం గాలె. ఒక్కటి తగ్గలే. నీ నల్లపొట్టేలు గూడ మంచిగున్నది. నేను సెప్తున్న గద, తిను."

సైదులు ఒక్కసారిగా కూలబడ్డాడు. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

"అవ్వా, గట్లనకే. గట్ల అబద్ధం సెప్పకే నాయినకు. మంద లేదే. ఇయ్యాల లారీ వచ్చింది. తమ్ముడు ఎక్కిస్తున్నడు."

నేను మెట్టు మీదే నిలబడిపోయాను. సునీత కూడా కొయ్యబారి మొగుడి వైపు చూస్తోంది, ఆమెకీ తెలియదన్నమాట. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. దసరా ముందు గొర్లకి గిరాకీ ఉంటుంది. బేరగాడు ఈ రోజే వస్తానన్నాడు. తల్లి ఇంట్లో ఉంటే దొడ్డి తడిక తీయనివ్వదు. అందుకే ఈ రిసార్టు, అందుకే "పొద్దుమూకినంక పోదాం". ఛీ, నా చేత్తో నేనే వాళ్ళకి వెల్‌కం డ్రింక్ ఇచ్చాను కదా అనిపించింది. అమ్మని ఇంట్లో లేకుండా చేయడానికి ఇంత ఖర్చు పెట్టి జారుడుబండలు ఎక్కించే కొడుకుని నేను అప్పటిదాకా చూడలేదు.

మల్లమ్మ కొడుకునే చూస్తోంది. నాకైతే భయమేసింది. ఏదో ఒకటి మాట్లాడాలని, "అమ్మా, కాకి రాకపోవడానికి కారణం వేరే. కింద మావాడు డబ్బా కొట్టి తరుముతున్నాడు" అనేశాను.

ఆమె నా వైపు తిరిగింది. "మంచిగనే కొట్టిండు బిడ్డా. కొట్టకుంటె వీడు నోరు తెరుస్తుండెనా?"

తర్వాత కొడుకుతో అంది. "ఇయ్యాల మీ నాయిన ఇంటికొచ్చే దినంరా. గీడికి కాదు, ఇంటికి! ఇంటికేమో తాళం, చెవి నా కొంగుల. దొడ్డేమో ఖాళీ. గొర్రె అరుపు లేని వాకిట్ల నిలవడి, ఇది ఎవలిల్లో అనుకోని ఎనక్కి పోతడురా." విస్తరిని రెండు చేతులతో ఎత్తుకుంది. "పోదాం పా. ఈ బువ్వ ఆడ పెట్టాలె."

బఫే తిండి పార్శిల్ ఇవ్వకూడదని మా దగ్గర గట్టి రూలు. ఇది బఫే కాదని నాకు నేనే చెప్పుకుని అన్నీ డబ్బాల్లోకి సర్దాను. చెఫ్ గారు ఎవరూ అడక్కుండానే ఇంకో వాయి గారెలు వేసి ఇచ్చారు. రిసార్టు వ్యాన్ తీయించాను. ముసలమ్మ ఎక్కడ పడిపోతుందోనని నేనూ ఎక్కాను. సైదులు దారి పొడుగునా తమ్ముడికి ఫోన్ చేస్తూనే ఉన్నాడు, "ఆపురా, ఎక్కించింది సాలు, లారీ కదలనియ్యకు" అని. మిర్యాలగూడ దాటి ఊళ్ళోకి వెళ్ళేదాకా మల్లమ్మ డబ్బాలు ఒళ్ళోంచి దించలేదు.

వాకిట్లో లారీ నిలబడే ఉంది. సగం మంద పైన, సగం కింద. చిన్నకొడుకు తల వంచుకుని తడిక పట్టుకుని ఉన్నాడు. బేరగాడు గొణుగుతున్నాడు. ఇప్పుడు ఈమె ఆ లారీకి అడ్డం పడుకుంటుంది, ఊరంతా పోగవుతుంది, కొట్లాట అవుతుంది అనుకుని బిక్కుబిక్కుమంటూ వ్యాన్ దిగాను.

"గొర్లను దింపుండ్రి" అంది మల్లమ్మ. అంతే. ఆ గొంతు విని బేరగాడే ముందు లారీ తలుపు తీశాడు. ఆమె తాళం తీసి, ఇల్లూ వాకిలీ ఊడ్చి, దొడ్డి ముందు నీళ్ళు చల్లి విస్తరి వేసింది. మంద అంతా లోపల అరుస్తోంది. మాట ఇచ్చుకోవడాలు లేవు, బతిమాలడాలు లేవు, తడిక మీద కాకి వాలింది. "ఒచ్చినవా? ఇగో తిను" అంది, రోజూ మంద తోలుకుని వచ్చే మనిషితో అన్నట్టు. తర్వాత కొడుకులకీ, కోడలికీ, పిల్లలకీ, బేరగాడికీ, డ్రైవరుకీ, నాకూ విస్తళ్ళు వేసి, చివర్న తను కూర్చుంది. పెద్దల రోజున ఉల్లిపాయ ముట్టని ఇంటి పిల్లని, తలకాయ కూరతో జొన్నరొట్టె తిన్నాను. మా అమ్మకి ఇప్పటికీ చెప్పలేదు.

తిన్న చేయి కడుక్కుని ఆమె దొడ్డి తడిక తీసింది. "ఇగ ఎక్కించుకోండ్రి."

నాకు అర్థం కాలేదు. సైదులుకీ అర్థం కాలేదు. "అవ్వా, అమ్మొద్దంటివి గద?" అన్నాడు.

"అమ్మొద్దని ఎన్నడన్నరా? నువ్వు నన్ను అడిగితివా? ఈ మోకాళ్ళతోని మంద ఎనక తిరగలేనని నాకు తెల్వదా? ఆయనకొక మాట సెప్పి పంపుదామనుకున్న. గంతే."

ఒక్కో గొర్రె ఎక్కుతుంటే దాని నెత్తి మీద చేయి పెట్టింది. నల్లపొట్టేలు దగ్గర మాత్రం చేయి చాలాసేపు తీయలేదు. కొడుకులిద్దరూ ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని చిన్నపిల్లల్లా ఏడ్చారు. తిరుగు దారిలో మా డ్రైవరు కూడా కళ్ళు తుడుచుకుంటూనే బండి నడిపాడు.

ఆ తర్వాత ఇంకా చాలా ఏళ్ళు అదే పనిలో ఉన్నాను. పండగ రోజుకి ఎవరు గది అడిగినా, వెజ్జా నాన్‌వెజ్జా అని అడిగే ముందు ఇంకో మాట అడిగేదాన్ని. "ఆ రోజు మీ ఇంటికి ఎవరైనా రావాల్సి ఉందా అండీ?" చాలామంది నవ్వి, ఎవరూ లేరనేవాళ్ళు. కొందరు మాత్రం తేదీ ఇంకోసారి అడిగి, బుకింగ్ వద్దనేవాళ్ళు. మా మేనేజరు మండిపడేవాడు. మండితే మండనీ!