ఒకే చాప మీద మామిడి కొత్త

మా కొండల్లో కొత్త చేయకుండా మామిడికాయ నోట పెట్టరు. కొత్త అంటే ఏడాదిలో మొదటి కాయను దేవుడికి చూపించి, అన్నదమ్ములు ఒకే చాప మీద కూర్చుని తినడం. మేము కతోలికులమయ్యాక కూడా అప్పటి ఫాదర్ గారు దాన్ని మాన్పించలేదు. కాయలు గుడికే తెమ్మని, పూజ అయ్యాక దీవించిన నీళ్ళు చల్లి ఇచ్చేవారు.

ఇప్పుడు ఫాదర్ గారు మా ఊరికి నెలకోసారి వస్తారు. డుంబ్రిగుడ నుంచి పాస్టరు మాత్రం ప్రతి శుక్రవారం బైకు మీద దిగుతాడు. మొన్నటి వానాకాలం నుంచి మా తమ్ముడు ఆయన రేకుల షెడ్డుకి ప్రార్థనకని పోతున్నాడు. మెడలో జపమాల లేదేమని అడిగితే స్నానానికి తీశానన్నాడు. ఆ స్నానం ఇంకా అవలేదు.

నేను ముసలితనంలో రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నవాణ్ణి. వాడిచ్చిన కరపత్రం కూడబలుక్కుని చదివాను. మరియతల్లి బొమ్మ ముందు మోకరిల్లితే నరకమని ఉంది. చదువెందుకొచ్చిందా అనిపించింది. ఇంకోపక్క అమ్మవారి గుడి కమిటీ వాళ్ళు, మీరు మొదట మావాళ్ళే కదా, వచ్చేయండని టీ తాగించి పోతారు. ఆ టీ మీదా నాకు నమ్మకం లేదు.

ఈ ఏడు తమ్ముడు కొత్తకు వస్తాడా రాడా అన్నదే నా బెంగ. అన్నదమ్ముల్లో మిగిలింది మేమిద్దరమే. వాడు రాకపోతే మా ఇంట్లో ఇక కొత్త లేదు. అలాంటిది, కొత్త కాకముందే వాడి వాకిట్లో మామిడి టెంకలు కనబడ్డాయి. మరదలిని నిలదీశాను.

"పాస్టరుగోరు తిన్నారు బావా. మేం ముట్నేదు."

ఒక్క మనిషి ఇన్ని తిన్నాడా అన్నాను.

"ఆకలేసింది గావాల," అని మొహం తిప్పుకుంది. నవ్విందో, నిజం దాచిందో.

ఫాదర్ గారు వచ్చిన ఆదివారం కాయల బుట్ట గుడికి మోసుకుపోయాను. ఈయన కొండ కింద పల్లం నుంచి ఈమధ్యే వచ్చిన మనిషి, మా కొత్తని ఏమంటారోనని మొహం కనిపెట్టి చూశాను. నీళ్ళయితే చల్లారు. ఇంటికొచ్చి చాప పరిచేసరికి తమ్ముడు వచ్చాడు. చేతిలో వాడి చెట్టు కాయ ఉంది.

"నీ కాయ నాను తిన్ను అన్నా. నీలు సల్లేరు కదా."

"మరేటికొచ్చావురా?"

"నువ్వు తినకుండా నానెలాగ తింతాను? నీది నువ్వు తిను, నాది నాను తింతాను. ఒక్కపాలే కొరుకుదాం."

ఈ పద్ధతి పాస్టరు నేర్పాడా అని అడిగాను. ఆయనకి తెలిస్తే ఊరుకోడన్నాడు.

నేను సిలువ గుర్తు వేసుకున్నాను. వాడు కాయ పట్టుకుని, కళ్ళు మూసుకుని గొణిగాడు. "మా అన్నని..." అన్నంత వరకే వినబడింది. ఏం చేయమని అడుగుతున్నాడో వినాలని దగ్గరికి జరిగాను, దొరకలేదు.

ఇద్దరం ఒకేసారి కొరికాం. వాడు పులుపుకి పళ్ళు బిగబట్టి, టెంక దాకా తిన్నాడు.

"వచ్చే ఏడూ వత్తాను," అన్నాడు లేస్తూ.

పాస్టరుని వెంట తేకుండా ఒక్కడివే రా, అన్నాను.