అడగకుండా తెంపిన జంధ్యం

కరోనా తగ్గిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను సూరత్‌లోని ఒక మిషన్ ఆసుపత్రికి ఆపరేషన్ థియేటర్ ఇన్‌ఛార్జి సిస్టర్‌గా వేశారు. రిటైర్మెంటుకు ముందు అదే నా చివరి పోస్టింగు. రోగిని ఆపరేషన్‌కు సిద్ధం చేసే పని మొత్తానికీ సంతకం నాదే. చేతి పట్టీ మీద పేరు, ఒప్పుదల పత్రం సరిచూడాలి. నగలు తీయించాలి, ఊడిరాని ఉంగరం మీద ప్లాస్టర్ వేయాలి.

ఒక మధ్యాహ్నం ఊళ్లోనే ఉన్న సలాబత్‌పురా పేటలోని లూమ్ కార్ఖానా నుంచి నర్సయ్యను తెచ్చారు. సిరిసిల్ల వైపు పద్మశాలి, నలభై ఏళ్లుంటాయి. మరమగ్గం గేర్లలో కుడిచేతి రెండు వేళ్లు నలిగాయి. చూపుడువేలికి రక్తం సరిగా అందడం లేదు, త్వరగా టేబుల్ మీదికి చేర్చమన్నాడు సర్జన్. తెగిన పోగును అతకడానికి నేతగాడికి ఆ వేలే ఆధారం.

నేను లోపల ట్రే సర్దుతుండగా మా స్టాఫ్ నర్సు రూతు అతని జంధ్యాన్ని కత్తెరతో తెంపి చెత్తబుట్టలో వేసింది. మాటమాత్రం అడగలేదు. నర్సయ్య ట్రాలీ దిగేశాడు.

"ఏంది సిస్టరమ్మా, బతికున్నోని జంజెం ఎవ్వలన్న తెంపుతరా? నాకు మీ ఆపరేషన్ వద్దు, ఏం వద్దు" అంటూ వరండాలోకి నడిచాడు. వెంట వచ్చిన అన్న రాజేశం బతిమాలినా వినలేదు.

ఇన్‌ఫెక్షన్ రాకూడదనే తీశానంది రూతు. నాకు ఒళ్లు మండిపోయింది. ముందురోజే ఒక క్రైస్తవ రోగి మెడలోని వెండి సిలువ గొలుసుకు ఇదే అమ్మాయి ప్లాస్టర్ వేసి లోపలికి పంపింది. రక్తం ఆపడానికి వాడే డయాథెర్మీ కరెంటుతో లోహం తగిలిన చోట చర్మం కాలవచ్చు. నూలుపోగుకు ఆ ప్రమాదం లేదు. ఆ గొలుసు రోగిని లోపలికి పంపిన కాగితం మీద కూడా సంతకం నాదే.

గొడవ విని ఆసుపత్రి పాదిరిగారు వచ్చారు. ఇది ప్రభువు పేరు మీద నడిచే చోటు, ఆ దారం పోతే పోయిందిలే అన్నారు. అడ్మినిస్ట్రేటర్ అయితే, అన్ని మతాలూ ఒకటేనమ్మా, దారానికింత రాద్ధాంతమా అని నవ్వాడు. కత్తెర ఇద్దరి చేతుల్లోనూ ఉన్నట్టే అనిపించింది నాకు. క్రీస్తు ఒక్కడే రక్షకుడని నేనూ నమ్ముతాను, జంధ్యంలో ఏమీ లేదనే అనుకుంటాను. కానీ మనిషి తన ఇష్టంతో వస్తేనే అది విశ్వాసం. కాదనే స్వేచ్ఛ కూడా దేవుడిచ్చిందే. ఆయన ఇచ్చినదాన్ని లాక్కోవడానికి మనమెవరమని పాదిరిగారిని ముఖం మీదే అడిగాను, గొంతు పెంచే అడిగాను.

వరండాలో నర్సయ్య ముందు నిలబడి తప్పు మాదేనన్నాను. ఏం చేస్తే లోపలికి వస్తావని అడిగాను.

"కొత్తది ఏసుకుంటె వస్త. కానీ నూలుదే గావాలె. మా కార్ఖానల అంత పాలిస్టరే" అన్నాడు.

దుప్పట్లు కుట్టే దర్జీ గదిలో నూలు ఉండ దొరికింది. రాజేశం పోగులు పేని, ముడివేసి, మంత్రం చెప్పి తమ్ముడికి వేశాడు. జంధ్యాన్ని రొమ్ము మీదికి జరిపి ప్లాస్టర్ వేసి నేనే ట్రాలీ తోసుకెళ్లాను. అప్పటికి ముప్పావు గంట పోయింది.

మధ్యవేలు దక్కింది. చూపుడువేలు తీసేయాల్సి వచ్చింది. ఆ ముప్పావు గంట ముందే మొదలుపెట్టి ఉంటే నిలిచేదేమో అన్నాడు సర్జన్.

ఏదైనా పొరపాటు జరిగితే రాసే ఇన్సిడెంట్ రిపోర్టులో 'రోగి నిరాకరణ వల్ల ఆలస్యం' అని రాయమన్నాడు అడ్మినిస్ట్రేటర్. 'రోగిని అడగకుండా జంధ్యం తెంపినందువల్ల ఆలస్యం' అని రాశాను. రెండుసార్లు మార్చమన్నారు, మార్చలేదు.

మరొకరి నమ్మకం తప్పని అనుకునే హక్కు నాకుంది, సందర్భం వస్తే వాదిస్తాను కూడా. మత్తు ఇవ్వబోయే మనిషి ఒంటి మీద చెయ్యి వేసి దాన్ని తీసేసే హక్కు మాత్రం నాకూ లేదు, నా సంఘానికీ లేదు. థియేటర్‌కు వచ్చిన మొదటి రోజే రూతుకు నేర్పాల్సిన పాఠం అది. నేను నేర్పలేదు. అందుకు నర్సయ్య వేలు పోయింది.